పనిబల్ల: తెగేదాకా తోయాల్సిన పని



ఈసారి హోసూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన ఉద్యోగ విరమణ చేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేతు పెట్టుకున్నారట. రాడ్డును నున్నగా టర్నింగ్ చేయడం వచ్చింది, బెజ్జం వేయడం వచ్చింది, కానీ తయారైన ముక్కను రాడ్డు నుంచి విడగొట్టడం మాత్రం చేతకావడం లేదన్నారు. పార్టింగ్ టూలు తాకగానే లేతంతా గజగజలాడుతోందట, ఒక్క నెలలో మూడు బ్లేడ్లు విరిగాయట. "మీకేమైనా తెలిస్తే రాయండి" అని ముగించారు.

ఆ ఉత్తరం చదివి నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కోయంబత్తూరులో ఎన్నో వర్క్‌షాపులకు లేతుల కోసం అప్పులు మంజూరు చేశాను. కొటేషన్‌లో ఆరడుగుల లేతా, ఎనిమిదడుగుల లేతా అని చూసి సంతకం పెట్టడమే తెలుసు. ఇనుము ఎలా తెగుతుందో తెలియదు. తెలుసుకునే వేళకు నావీ మూడు బ్లేడ్లు విరిగాయి. అందుకే ఈ సంచికలో ఆ సంగతే చెబుతాను.

లేతు చూడని ఇంటివారి కోసం ముందు రెండు మాటలు. లేతులో గుండ్రటి రాడ్డును చక్ అనే బిగింపులో పట్టిస్తే అది గిరగిరా తిరుగుతుంది. పక్కనుంచి గట్టి ఉక్కు టూలు ఆనించి కావలసిన ఆకారం తీస్తాం. లక్కబొమ్మలకు పేరుపడ్డ ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి బొమ్మ తీసేదీ ఇదే పద్ధతిలో. మన భాషలో దీనికి తరిమెన అనే చక్కని మాట ఉంది. పిల్లలకు ఆ మాట ఒకసారి చెప్పండి, ఇక్కడి బళ్ళలో వినబడదు. ముక్క తయారయ్యాక సన్నటి బ్లేడు లాంటి టూలును నిటారుగా లోపలికి తోసి, రాడ్డు నుంచి దాన్ని వేరు చేయాలి. అదే పార్టింగ్.

వినడానికి సులువే. కానీ పెద్ద గుమ్మడికాయ కోసిన ఆడవాళ్ళకు ఇందులోని కష్టం వెంటనే అర్థమవుతుంది. కత్తి సగం దిగాక రెండు వైపులా కాయ పట్టేస్తుంది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. పార్టింగ్‌లోనూ అంతే. మామూలు టర్నింగ్‌లో రజను పక్కకు పోవడానికి కావలసినంత చోటుంటుంది. ఇక్కడ 2 మి.మీ. వెడల్పు గాడిలో 2 మి.మీ. వెడల్పు టూలు పని చేస్తుంటుంది. చుట్టగా వచ్చే రజను ఆ సందులోంచే బయటపడాలి. ఎక్కడైనా ఇరుక్కుందా, తిరిగే రాడ్డు ఆగదు, బ్లేడే విరుగుతుంది.

ఇక మా ఇంటి కథ. మా నైనా టర్నరు. ఈ ఊళ్ళో సందు సందుకూ లేతు సద్దు వినబడే కాలంలో పని నేర్చుకున్నారు. మన తెలుగింటి వారే అయిన జి.డి. నాయుడు గారు (1893–1974), డి. బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో ఇక్కడ విద్యుత్ మోటారు తయారుచేసిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ మోటార్లు, పంపుల పని చుట్టూ పెరిగిన వేల చేతుల్లో మా నైనా చేతులు రెండు. 1986లో ఆయన సెకండ్ హ్యాండులో ఒక చిన్న బల్ల లేతు కొని ఇంటి వసారాలో పెట్టారు. నన్ను మాత్రం దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. "నీ చేతికి నూనె అంటకూడదురా" అనేవారు. అలాగే అంటలేదు.

ఇప్పుడు ఆయనకు 82 ఏళ్ళు. చేతులు వణుకుతాయి, మిషను ముందు నిలబడలేరు. లేతు మీద దుప్పటి కప్పి ఉంచాం. పోయిన ఏడు మా బావ వచ్చి, "ఊరికే చోటు తింటోంది, పాత మిషన్లు కొనే మనిషున్నాడు, సోమవారం పంపిస్తాను" అన్నాడు. నైనా ఏమీ అనలేదు. భోజనం సగంలో లేచి చేయి కడుక్కున్నారు.

ఆ శనివారమే అమ్మ గ్రైండరు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. కింద పుల్లీ పక్కన ఉండే ఇనప రింగు అరిగిపోయింది. 20 మి.మీ. రాడ్డు, మధ్యలో 10 మి.మీ. బెజ్జం, 6 మి.మీ. మందం. ఇంతే కదా, నేనే చేస్తాను అన్నాను. రాడ్డు పట్టించి బెజ్జం వేశాను. బాగానే వచ్చింది. తర్వాత పార్టింగ్ టూలు పెట్టాను. మొదట కీచుమంది. భయపడి మెల్లగా తోశాను. ఇంకా గట్టిగా అరిచింది. ఉన్నట్టుండి ఠక్‌మని బ్లేడు విరిగి, ఒక ముక్క వచ్చి నా కళ్ళద్దానికి తగిలింది. అద్దం మీద గీత పడింది. చత్వారపు కళ్ళద్దాలు లేకపోయి ఉంటే ఈ శీర్షిక రాయడానికి ఒక కన్నే మిగిలేది. కనుక మిత్రులారా, అన్నిటికంటే ముందు రక్షణ కళ్ళద్దాలు. నా మామూలు కళ్ళద్దాలు అదృష్టం కొద్దీ కాపాడాయి. అదృష్టాన్ని నమ్ముకుని లేతు ముందు నిలబడకూడదు.

ఆ సాయంత్రానికి మూడు బ్లేడ్లూ అయిపోయాయి. కొత్త బ్లేడు తెస్తాను, ఇది మంచి రకం కాదు అంటూ చొక్కా వేసుకుంటుంటే లోపలి గదిలోంచి నైనా గొంతు వినబడింది. "బ్లేడు తప్పు కాదురా. నువ్వు కోయడం లేదు, గీకతా ఉండావు. మిషను కూడా వదులుగా ఉండాది. ఆ సద్దు వింటే తెలియలా?"

మంచం మీద పడుకుని గోడ అవతలి నుంచి చెప్పిన మాట అది. మరునాడు ఆదివారం. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వసారాలోకి తెచ్చాం. ఆయన చెప్పడం, నేను చేయడం. చెప్పిన వరుస ఇక్కడ అలాగే ఇస్తున్నాను. బ్యాంకులో లెక్క కుదరనప్పుడు మేమూ ఇలాగే మొదటి పద్దు నుంచి వస్తాం. ఒకేసారి నాలుగు పద్దులు దిద్దితే తేడా ఎక్కడిదో ఎప్పటికీ తెలియదు. లేతులోనూ ఒకసారికి ఒకటే సరిచేయాలి, మళ్ళీ కోసి చూడాలి.

మొదటిది, వదులు ఎక్కడుందో వెతకడం. చక్‌లో లావుపాటి రాడ్డు పట్టించి చేత్తో పైకి లేపి చూడాలి. డయల్ గేజి ఉంటే ముల్లు చెబుతుంది, లేకపోతే చేతికే తెలుస్తుంది. స్పిండిల్ బేరింగులో ఆట ఉంటే తక్కిన ఏ మరమ్మతూ పని చేయదు. ఆ తర్వాత క్రాస్ స్లయిడు, దాని పైనున్న టాప్ స్లయిడు. వాటి పక్కనుండే గిబ్ స్క్రూలు బిగించాలి. స్లయిడు కొంచెం బరువుగా కదలాలి గానీ పట్టేయకూడదు. మా లేతులో టాప్ స్లయిడు గిబ్ నా బొటనవేలితో తోస్తేనే ఊగింది. పార్టింగ్ చేసేటప్పుడు టాప్ స్లయిడును ముందుకు చాపకుండా వెనక్కి లాగి, కింద పూర్తి ఆధారం ఉండేలా బిగించేయాలి. లేతు బెడ్డు మీద నడిచే శాడిలును కూడా లాక్ చేయాలి. ఈ లాక్ మరిచిపోవడం నా మొదటి తప్పు.

రెండోది, పొడుగు తగ్గించడం. రింగు గోడ మందం 5 మి.మీ. మాత్రమే. నేను బ్లేడును 25 మి.మీ. బయటికి చాపాను. నైనా చూసి, "చీపురు పుల్లతో రాయి దొర్లిస్తావా?" అన్నారు. కోయాల్సిన లోతు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. అలాగే కోత చక్ దవడలకు దగ్గరగా పడాలి. దూరంగా కోస్తే రాడ్డే వంగి ఊగుతుంది. బ్లేడు దవడలకు తగలకుండా ఉందో లేదో చక్‌ను ఒక చుట్టు చేత్తో తిప్పి చూశాకే స్విచ్ వేయాలి.

మూడోది, ఎత్తు. టూలు మొన సరిగ్గా రాడ్డు మధ్య ఎత్తులో ఉండాలి. ఎక్కువైతే మొన కింది భాగం రాడ్డుకు రాసుకుంటుందే గానీ కోయదు. తక్కువైతే రాడ్డు టూలు మీదికి ఎక్కడానికి చూస్తుంది, బ్లేడు లోపలికి లాక్కుపోతుంది. ఇది చూడటానికి ఒక సులువుంది. లేతు ఆపి, ఆరంగుళాల స్టీలు స్కేలును నిలువుగా టూలు మొనకూ రాడ్డుకూ మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిపోయినట్టు. స్కేలు పైకొస మీ వైపు వాలితే టూలు కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. మా టూలు కిందికి ఉంది. దాని అడుగున ఒక పలుచని రేకు పెట్టేసరికి సరిపోయింది.

నాలుగోది, నిటారుతనం. బ్లేడు రాడ్డుకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. కొంచెం వంకరగా ఉన్నా పక్క గోడకు రాసుకుంటుంది, కోత వంకరపోతుంది, తెగిన ముఖం చదునుగా రాక పళ్ళెంలా గుంటపడుతుంది. చక్ ముఖానికి మూలమట్టం ఆనించి చూస్తే కంటికి తెలిసిపోతుంది.

ఐదోది, మొన పదును. మొన ముందుభాగం కిందికి 5 నుంచి 7 డిగ్రీల వాలు ఉండాలి. గ్రైండింగ్ రాయి మీద పట్టాక ఆయిల్ స్టోను మీద రెండుసార్లు రుద్దాలి. మొన ఒక మూల అరిగి, ఇంకో మూల పదునుగా ఉంటే బ్లేడు పక్కకు నడుస్తుంది. ఇత్తడి కోసేటప్పుడు పై భాగం బల్లపరుపుగా ఉంచాలి. లోపలికి వాలు ఇస్తే ఇత్తడి టూలును లాగేసుకుంటుంది.

ఆరోది, వేగం. ఇక్కడ నా చదువు కాస్త పనికొచ్చింది. మామూలు ఇనుమును హెచ్.ఎస్.ఎస్. టూలుతో టర్నింగ్ చేయడానికి నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల కోత వేగం వాడతారు. పార్టింగ్‌కు అందులో సగమో, ఇంకా తక్కువో చాలు. 12 మీటర్లు అనుకుందాం. 12ను 1000తో హెచ్చించి, 3.14ను 20తో హెచ్చించగా వచ్చిన దానితో భాగిస్తే సుమారు 190 వస్తుంది. అంటే 20 మి.మీ. రాడ్డుకు నిమిషానికి 190 చుట్లు. రాడ్డు 40 మి.మీ. అయితే అందులో సగం. నేను బెజ్జం వేసిన వేగంలోనే పార్టింగ్ మొదలుపెట్టాను.

ఏడోది, నూనె. ఇనుముకు కటింగ్ ఆయిలును బ్రష్‌తో గాడిలో పడేలా రాస్తూ ఉండాలి. అల్యూమినియానికి కిరోసిను పనికొస్తుంది, దగ్గర నిప్పు ఉండకూడదు. పోత ఇనుముకూ ఇత్తడికీ ఏమీ అక్కరలేదు. లోతైన కోత అయితే మధ్యలో టూలు బయటికి తీసి, అర మిల్లీమీటరు పక్కకు జరిపి గాడిని వెడల్పు చేసుకోవాలి. రజనుకు దారి దొరుకుతుంది.

ఇవన్నీ సరిచేసేసరికి మధ్యాహ్నం దాటింది. కొత్త బ్లేడు పెట్టి స్విచ్ వేశాను. లేతు ఊగడం తగ్గింది. కానీ మళ్ళీ కీచుమంది. నా చేయి వెనక్కి పోయింది. నిన్న ముక్క తగిలిన కన్ను దానంతట అదే మూసుకుంది. రజను చుట్టగా రాలేదు, పొడిలా రాలింది.

"పొడి రాలతా ఉందంటే ఏంది? టూలు లోపలికి పోవడం లేదు, రుద్దుకుంటా ఉండాది. రుద్దితేనే అరుస్తుంది" అన్నారు నైనా. కుర్చీలోంచి లేవబోతే నేనూ అమ్మా చెరోవైపు పట్టుకున్నాం. ఆయన వచ్చి హ్యాండిల్ మీదున్న నా చేతి మీద తన చేయి పెట్టారు. వణుకుతూనే ఉంది ఆ చేయి. కానీ తోపులో వణుకు లేదు. ఒకే వేగంతో, ఆగకుండా, తొందర లేకుండా లోపలికి తోశారు. చుట్టుకు మిల్లీమీటరులో వందో వంతులు మూడు నాలుగు, అంతే. అరుపు ఆగిపోయింది. గడియారం స్ప్రింగులాంటి చుట్టలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. లెక్కకు నలభై సెకన్ల పని. రింగు తెగి, ముందుగా బెజ్జంలోకి దూర్చి పెట్టిన తీగకు తగులుకుని ఆగింది.

మిత్రులారా, హోసూరు పెద్దమనిషికి నేను చెప్పదలచింది ఇదే. టూలు అరిస్తే మనం భయపడి తోపు తగ్గిస్తాం. అది తిరగబడిన వైద్యం. తగ్గించాల్సింది చుట్ల వేగం, తోపు మాత్రం నిలకడగా పెంచాలి. అయితే వదులున్న మిషనులో ధైర్యంగా తోస్తే బ్లేడు విరుగుతుంది. బిగించిన మిషనులో పిరికిగా తోస్తే అరుస్తుంది. ముందు వదులు తీసేయండి, తర్వాత భయం తీసేయండి. ఈ రెండూ ఈ వరుసలోనే జరగాలి. స్టెయిన్‌లెస్ స్టీలులో ఇది మరీ ముఖ్యం. రుద్దుకుంటూ నిలిస్తే ఆ లోహం పైపొర గట్టిపడిపోయి ఇక తెగనంటుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా రాసి పెట్టుకోండి. రాడ్డు రెండో కొసను టెయిల్ స్టాకు సెంటరుతో నొక్కిపెట్టి చివరిదాకా పార్టింగ్ చేయకూడదు. తెగబోయే సమయానికి రెండు ముక్కలూ కలిసి బ్లేడును నలిపేస్తాయి. బ్లేడు ఇరుక్కుంటే వెంటనే స్విచ్ ఆపండి. చక్‌ను చేత్తో కొద్దిగా వెనక్కి తిప్పి, ఆ తర్వాతే టూలును బయటికి తీయండి. తెగి పడే ముక్కను చేత్తో పట్టుకోవద్దు, రజనును వేళ్ళతో లాగవద్దు. చేతి తొడుగులు, వేలాడే తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా లేతు దగ్గరికి రానివ్వద్దు. ఎన్ని చేసినా ధైర్యం చాలని రోజున లేతు ఆపి, బెడ్డు మీద చెక్క పరచి, హాక్సా బ్లేడుతో కోసి, ముఖం తర్వాత నున్నగా చేసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మనవాళ్ళు తెగేదాకా లాగవద్దంటారు. మనుషుల మధ్య అది నిజమే. లేతు మీద మాత్రం మొదలుపెట్టాక తెగేదాకా తోయాల్సిందే. సగంలో జంకితేనే నష్టం.

రింగును గుడ్డతో తుడిచి నైనా చేతికిచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, తెగిన ముఖం మీద గోరు నడిపించి చూశారు. "మధ్యలో కొంచెం గుంట ఉండాది. బ్లేడు పక్కకు నడిచింది. వచ్చే ఆదివారం ఇంకొకటి చేయి" అన్నారు. అప్పటికి ఆ రింగు గ్రైండరులో సరిపోయింది. చప్పుడు ఆగింది.

ఆ రాత్రే బావకు ఫోను చేసి, సోమవారం ఆ మనిషిని పంపవద్దని చెప్పాను. ఎందుకని అడిగాడు. వచ్చే ఆదివారం పని ఉంది అన్నాను.

వచ్చే సంచికలో డ్రిల్లు బిట్లకు పదును పట్టడం గురించి రాస్తాను. బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా, మీ ఊళ్ళో పాత పనివాళ్ళు వాడే తెలుగు మాటలు తెలిస్తే తప్పక రాసి పంపండి. వాటిని ఈ పేజీలో దాచుకుందాం.